గవరమ్మకి ఆపేసిన బియ్యం

పోయిన నెలలో ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. మెడలో ఏదో గుర్తింపు కార్డు, చేతిలో పలకంత ఫోను. చీపురుపల్లిలో రిటైరైన పంతులమ్మల ఇళ్లకి కుర్రాళ్లు ఊరికే రారు. ఇన్సూరెన్సు అమ్మడానికో, ఓటు అడగడానికో వస్తారు. వీడు రెండూ కాదు. నవ్వుతూ, "మీరు ఏ చర్చికి వెళ్తారమ్మా? ఈ మధ్య మీ సంఘంలో కొత్తగా ఎవరైనా చేరారా?" అని అడిగాడు. ఎవరు పంపారు నాయనా అంటే సర్వే అన్నాడు. ఏం సర్వే అంటే జనరల్ సర్వే అన్నాడు. అంతకన్నా అబద్ధం ఇంకోటి ఉండదు. సర్వేల్లో జనరల్‌ది ఉండదని, ముప్పై ఏళ్లు జనాభా లెక్కలూ ఓటర్ల జాబితాలూ మోసిన నాకు తెలియదా? వరండా దాటనివ్వలేదు. ఎండన పడి వచ్చాడు కాబట్టి మంచినీళ్లు మాత్రం ఇచ్చాను. అతను వెళ్లిపోయాక గ్లాసు కడగబోయి, కడిగే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఎందుకు చూశానో నాకే నవ్వొచ్చింది. అది మా తాత బుద్ధి.

మా తాత మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మానుకున్న మనిషి. సీసా మీద ఎంత పెద్ద అక్షరాలతో పేరు రాసి ఉన్నా, మూత తీసి వాసన చూడనిదే మందు పోసేవాడు కాదట. "కాగితం అబద్దమాడతాది గానీ వాసన ఆడదు" అనేవాడు. ఉద్యోగం మానుకున్నా ముక్కు మానుకోలేదు. పాలు, నూనె, పోస్టులో వచ్చిన కవర్లు, చుట్టాలు తెచ్చిన మిఠాయి పొట్లాలు, అన్నీ ముందు ఆయన ముక్కు కిందికి పోవాల్సిందే. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లని కూడా కౌగిలించుకునే వంకతో వాసన చూస్తాడని మామ్మ వెక్కిరించేది. మా ఇల్లు సగం ఫినాయిలు వాసన, సగం చోడి అంబలి, అదే రాగి గంజి, పులుపు వాసన. ఫినాయిలు తాతది, అంబలి మామ్మది. ఊరు పాతపట్నానికి అవతల, ఏటి ఒడ్డున. ఏరు దాటితే ఒరిస్సా. అది వేరే రాష్ట్రమని బడిలో గోడకి తగిలించిన పటం చూసేదాకా నాకు తెలియదు. ఆ ఒడ్డునా మన మాటే, మన సంతే. వేసవిలో మోకాలు తడవకుండా దాటేసే రేవు కూడా ఒకటి ఉండేది. పటం మీద ఉన్న గీత ఇసకలో ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు.

మా సంఘం ఆడవాళ్లకి ఒక అలవాటు ఉండేది. పూట పూటకీ బియ్యం కడిగే ముందు, ఒక పిడికెడు తీసి పక్కనున్న మట్టి గురిగిలో వేసేవారు. దేవుడి పిడికెడు అనేవారు దాన్ని. ఇంట్లో నిండుగా ఉన్నా వేయాల్సిందే, అడుగంటినా వేయాల్సిందే. మామ్మ పిడికిలి చిన్నది, అందుకని బొటనవేలు పక్కకి చాచి మరికొన్ని గింజలు నిలబెట్టేది. ఆదివారం ఆ గురిగిని కొంగు కింద పెట్టుకుని గుడికి తీసుకెళ్లేది. అవును, మేం చర్చిని గుడి అనే అనేవాళ్లం. అక్కడ అందరి గురుగులూ ఒక తట్టలో పోస్తే దంపుడు బియ్యం, పచ్చి బియ్యం, నూకలు, రాళ్లు అన్నీ కలిసి రంగురంగులుగా ఉండేవి. అందులో కొంత మా పాస్టరు అయ్యగారి ఇంటికి పోయేది. మిగతాది చుట్టుపక్కల దిక్కులేని ముసలివాళ్లకీ, మొగుడు పోయిన ఆడవాళ్లకీ మామ్మ చేతి మీదుగా పంపకం. తీసుకునేవాళ్లు ఏ గుడికి పోతారని మామ్మ అడిగిన గుర్తు నాకు లేదు. వాళ్లలో చాలామంది అమ్మవారి సంబరానికి ఘటం ఎత్తేవాళ్లే.

గవరమ్మ ఆ బియ్యానికే వచ్చేది. ఏటికి అవతల ఊరు ఆమెది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండ దగ్గర అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్లు కుట్టి సంతలో అమ్మేది. ఆకుపచ్చని పసరు ఆమె గోళ్లలో ఇంకిపోయి ఉండేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. నేను భయంతో చూస్తుంటే నిప్పు కనపడేలా నోరు తెరిచి చూపించి, "సూడే గుంటా, కాల్నేదు" అని నవ్వేది. ఏళ్ల తరబడి వచ్చింది, బియ్యం తీసుకుంది, వెళ్లింది. ఎప్పటి నుంచి మొదలైందో తెలియదు గానీ, బియ్యం పంచే వేళకి కాకుండా పాటల వేళకే రావడం మొదలుపెట్టింది. వెనక గుమ్మం దగ్గర కూర్చుని, విస్తళ్లు కుడుతూ, మాటలు తప్పు పాడుతూ ఉండేది. ఒక రోజు మా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "అప్పా, నాను కూడా మునుగుతాను" అంది. అంటే బాప్తిస్మం తీసుకుంటానని. అప్పా అంటే మా వైపు అక్క.

మామ్మ చేతిలో చేట ఆగిపోయింది. "నీకెందుకే ఇది? ఎవులేనా అన్నారేటి?"

"ఎవులూ అన్నేదు. ఈ దేవుడి కాడ కూకుని నా కత సెప్పుకుంతే బరువు దిగతన్నాది. అంతే."

మామ్మ చాలా సంతోషించింది. తాత సంతోషించలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్లో ఆ వార్త చదివి ఉన్నాడు మరి. ఒరిస్సాలో కొత్త చట్టం వచ్చింది. బలవంతపెట్టి గానీ, ఆశ చూపించి గానీ, మోసగించి గానీ ఒకరిని ఒక మతంలోంచి ఇంకో మతంలోకి మారిస్తే జైలూ జరిమానా. మారింది ఆడమనిషైతే శిక్ష ఇంకా ఎక్కువ. దాని పేరు మతస్వేచ్ఛ చట్టం. తాత ఆ పేపరు ముక్కని భూతద్దం పెట్టి చదివి, మడిచి, విప్పి, మళ్లీ చదివి, అలవాటుగా వాసన కూడా చూశాడు. "స్వేచ్ఛ ఇవ్వడానికి జైలెందుకో నాకు బోధపడటం లేదు" అన్నాడు. ఒక్క విషయం చెప్పాలి. ఆశపెట్టి మతంలో కలుపుకున్నవాళ్లు అసలు లేరని నేను బుకాయించను. పాలపొడి డబ్బాల వెనక నడిచిన భక్తిని నేనూ చూశాను. కానీ ఆకలికి పెట్టిన గింజకీ, ఎరగా వేసిన గింజకీ తేడా ఎవరు తేలుస్తారు? గింజ మీద రాసి ఉండదు. తేల్చేవాడు పోలీసని ఆ చట్టం చెప్పింది. మా తాతకి నిద్ర లేకుండా చేసింది అదే.

గవరమ్మ ఉండేది ఆ చట్టం ఉన్న ఒడ్డు. మా గుడి ఉన్నది ఆ చట్టం లేని ఒడ్డు. మరి నేరం ఎక్కడ జరిగినట్టు? బియ్యం ఇచ్చిన చోటా, తిన్న చోటా, నమ్మిన చోటా? పాతపట్నం వకీలుని అడిగితే, రాజ్యాంగంలో హక్కు ఉంది, భయం లేదు, అయినా జాగ్రత్తగా ఉండండి అన్నాడట. భయం లేదంటూనే జాగ్రత్త అనేవాడి మాట ఎవరు నమ్ముతారు? ఆ నెలల్లో మా సంఘానికి ప్రతి కొత్త మొహమూ సి.ఐ.డి.యే. ఒక కళాయి వేసే మనిషి వరసగా ఆదివారాలు వచ్చి కడపటి బల్ల మీద కూర్చున్నాడు. వాడి మీద కళాయికి వాడే నవాసారం వాసన వస్తోందని, పనివాడే అయి ఉంటాడని తాత ముందు అన్నాడు. మర్నాటికి మనసు మారి, పరీక్షించడానికి ఇంట్లో ఇత్తడి సామానంతా బయట పడేయించాడు. వాడు మధ్యాహ్నం దాకా కూర్చుని, గిన్నెల లోపల మొహం కనపడేలా కళాయి వేసి ఇచ్చాడు. "మరేటి, పని వచ్చినోడే కదా" అంది మామ్మ. "అదే అనుమానం. అంత బాగా నేర్పించి మరీ పంపించారు" అన్నాడు తాత. ఆ మనిషి మళ్లీ రాలేదు. భయపడి పోయాడో, పని అయిపోయి పోయాడో, నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత నిజంగానే ఒక పోలీసు గవరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆ సంగతి ఆమే వచ్చి చెప్పింది, అదేదో పెళ్లి కబురు చెప్పినట్టు. సైకిలు మీద హెడ్డు కానిస్టేబులు వచ్చాడట. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడాడట. ఏరు దాటి ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు, వాళ్లేమిస్తున్నారు అని అడిగాడట.

"నువ్వేటి సెప్పావే?" అన్నాడు తాత. అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఉన్నదే సెప్పినాను బావు. బియ్యం ఎడతారని సెప్పినాను. ఎట్టకపోతే నానేటి తిందును?"

తాత మళ్లీ కూర్చున్నాడు. గవరమ్మ పేరు వాళ్లకి ఎవరు చెప్పి ఉంటారని ఆ రాత్రి నుంచి మా ఇంట్లో జరిగిన చర్చకి అంతు లేదు. కళాయి మనిషి, రేవు దగ్గర కల్లు అమ్మేవాడు, గవరమ్మ ఆడపడుచు, చివరికి అయ్యగారి వంటమనిషి దాకా అందరూ ఆ అనుమానం కింద తలో రోజు నలిగారు. గవరమ్మే కావాలని చెప్పిందేమో, అసలు ఆమెనే వాళ్లు పంపారేమో అని కూడా తాత ఒకసారి అన్నాడు. మామ్మ అన్నం పెట్టడం ఆపి ఆయన వైపు చూసింది. ఆ మాట ఇంట్లో ఉండిపోయింది.

వారం తిరక్కుండా సంఘ పెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. గవరమ్మకి బాప్తిస్మం ఇవ్వాలి. అడిగిన మనిషిని కాదనడానికి లేదు. అయితే అది అయ్యేదాకా ఆమెకి ఒక్క గింజ కూడా ఇవ్వకూడదు. ఎండలు ముదిరేదాకా అలా గడిచాక కూడా ఆమె వస్తే, బియ్యానికి వచ్చిందని ఏ కోర్టూ అనలేదు. ఈ ఆలోచన తాతదే. భయం వేస్తే తాత గ్రాంథికంలోకి దిగిపోయేవాడు. ఇంటికొచ్చి, "ఈ దినము మొదలుకొని ఆమెకు ఏమియు ఇయ్యవలదు" అన్నాడు మామ్మతో.

"ఆకలేసిన దానికి గింజెట్టొద్దని ఏ కోర్టు సెప్పినాది?"

"సెప్పలేదే. సెప్తే ఇంత భయం ఉండదు, ఎంతవరకు ఎట్టొచ్చో తెలిసిపోయేది."

మామ్మ ఆ మాట పాటించింది. అదే నాకు మింగుడుపడదు. తాతని పూచికపుల్లలా తీసిపారేసే మనిషి, ఈ ఒక్క విషయంలో మారు మాట్లాడలేదు. పూట పూటకీ పిడికెడు మాత్రం తీస్తూనే ఉంది. గురిగి నిండేది, తట్టలో పడేది, మిగతా ముసలివాళ్లకి పోయేది. గవరమ్మ ప్రతి ఆదివారం ఏరు దాటి వచ్చి, అదే గుమ్మం దగ్గర కూర్చుని, పంపకం మొదలవగానే లేచి వెళ్లిపోయేది. ఎందుకు ఆపారని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండును, జవాబు చెప్పేవాళ్లం. ఆ ఏడు అడ్డాకుకి బేరం లేదు. ఆమె దవడలు లోపలికి పోయాయి, మెడ దగ్గర ఎముకలు లేచాయి. చుట్ట కూడా మానేసిందని మేం మురిసిపోయాం. బాప్తిస్మానికి ముందు అయ్యగారు తప్పకుండా చుట్ట మానమనేవారు కాబట్టి, ముందుగానే సిద్ధపడుతోందనుకున్నాం. పొగాకు కొనే దారి లేక మానేసిందని మామ్మకి తోచేసరికి చాలా ఆలస్యమైంది. ఆ రోజు మామ్మ అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయింది. అంతకన్నా పాపం ఏమిటంటే, ఆ మధ్యలోనే ఒక రోజు నాతో, "అది నిజంగా దేముడి కోసమే వస్తన్నాదంటావేటే గుంటా?" అంది. ఎరిగి ఎరిగి, ఏళ్ల తరబడి తన చేత్తో పెట్టి, మామ్మ ఆ మాట అంది. సైకిలు మీద వచ్చిన హెడ్డు మా వంటింట్లోకి రానే లేదు. అతను అడిగిన ప్రశ్న మాత్రం వచ్చి మా పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

మాలో బాప్తిస్మానికి ముందు ఆ మనిషి సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. అయ్యగారు కొన్ని ప్రశ్నలు అడుగుతారు, తర్వాత సంఘం చేతులెత్తి ఒప్పుకోవాలి. గవరమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది. అయ్యగారి ప్రశ్నలకి తనకొచ్చినట్టు చెప్పింది. శిష్యుల పేర్లలో ఇద్దరిని మరిచిపోయింది, అందరూ నవ్వారు. అప్పుడు తాత లేచాడు. ఎప్పుడూ లేని కొత్త ప్రశ్న.

"గవరమ్మా, నిన్ను ఎవరైనను బలవంతపెట్టిరా?"

"నేదు బావు."

"ఏదైనను ఆశ చూపిరా?"

"ఆశంటే ఏటి బావు?"

"అనగా, బియ్యము, బట్ట, డబ్బు."

గవరమ్మ మామ్మ వైపు ఒకసారి చూసింది. "బియ్యం ఎట్టినారు. శానా ఏళ్లు ఎట్టినారు. అప్పుడు నాను మీ దేవుడి ఊసే ఎత్తనేదు. ఎత్తినాక ఆపేసినారు. ఈ దేవుడి కాడికొస్తే కూడు పోతాదని తెలిసి కూడా వస్తన్నాను. దీన్ని ఆశంటారో మరేటంటారో నాకు తెల్దు. మీరే సెప్పండి." తాత వైపు తిరిగింది. "ఆ పోలీసు బావు అడిగినాడంటే, ఆయన నన్నెరగడు. మీరెరుగుదురు కదా?"

తాత కూర్చున్నాడు. అయ్యగారు చేతులెత్తమన్నారు. ఎత్తారు అందరూ. తాత చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా, భుజం దాకా లేచింది. మామ్మ ఎత్తలేదు. ఒప్పుకోక కాదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నేను పంతులమ్మనయ్యాక ఏటేటా ప్రాథమిక హక్కుల పాఠం చెప్పాను. నచ్చిన మతాన్ని నమ్మవచ్చు, ఆచరించవచ్చు, నలుగురికీ చెప్పుకోవచ్చు అని బోర్డు మీద రాసి, పిల్లల చేత చదివించాను. చదివించిన ప్రతిసారీ నాకు గవరమ్మ మెడ ఎముకలు గుర్తొచ్చేవి. ఆ చట్టం చెల్లదని కటకం హైకోర్టు అంది, చెల్లుతుందని తర్వాత ఢిల్లీ పెద్ద కోర్టు అంది. అటువంటివి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి. ఇప్పుడు మా సంఘంలో దేవుడి పిడికెడు లేదు. కవర్లో డబ్బు వేసి రసీదు తీసుకుంటాం. బాప్తిస్మం అడిగినవాళ్లు స్టాంపు కాగితం మీద, నా ఇష్టంతోనే తీసుకుంటున్నాను అని రాయించి నోటరీ ముద్ర వేయించుకుని వస్తారు. మా తాత కాలంలో భయం కొత్త, అందుకని గాభరాగా, తెలివితక్కువగా భయపడ్డారు. మేం చక్కగా ఫైలు కట్టి భయపడుతున్నాం. ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను. మనిషి మనసులో ఏముందో ప్రభుత్వం అడగకూడదని రాజ్యాంగం రాసినవాళ్లకి తెలుసు. అడగడం మొదలుపెడితే, పక్కింటివాడూ అడుగుతాడు, సొంత మనిషీ అడుగుతాడు అన్నది మాత్రం మేం అనుభవించి తెలుసుకున్నాం.

బాప్తిస్మం రోజున మా వాళ్లు చేసిన పని తలచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మా ఆచారం ప్రకారం మనిషి నిలువునా నీళ్లలో మునగాలి, తల మీద చిలకరిస్తే సరిపోదు. వేసవిలో ఏటికి ఇవతల పక్క నీళ్లు చీలమండల దాకా కూడా లేవు. మనిషి మునిగే మడుగు అవతలి ఒడ్డు కింద ఉంది. ఎప్పుడూ అందులోనే ఇచ్చేవారు. కానీ అది ఒరిస్సా నీళ్లు. అందుకని తాత ఏటి నడుమ ఒక వెదురు గెడ పాతి, ఇదే హద్దు అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకి! మగవాళ్లంతా చేరి, గెడకి ఇవతల ఇసకలో పెద్ద చెలమ తవ్వారు. తవ్వుతుంటే గట్లు విరిగి లోపల పడుతున్నాయి. మళ్లీ తవ్వారు. అవతల గేదెలు కడుగుతున్న మనిషి, "ఏటి బావు, సేపలకేటి?" అని కేకేశాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. వాడూ సి.ఐ.డి. అయి ఉండొచ్చు కదా.

నీళ్లు ఊరి తొడల దాకా వచ్చాయి. అయ్యగారు గవరమ్మని మోకాళ్ల మీద కూర్చోబెట్టి వెనక్కి వంచారు. మోకాళ్లు తేలాయి. ఇంకోసారి ముంచారు. ఈసారి మొత్తం మునిగింది. జుట్టు నిండా ఇసకతో పైకి లేచి, ముక్కు చీదుకుని, "మునిగినానా?" అంది. మునిగావు అన్నారు అయ్యగారు. ఒడ్డున అందరూ పాట ఎత్తుకున్నారు.

మామ్మ కొంగు కింద నుంచి ఒక మూట తీసి, గవరమ్మ దగ్గరికి గబగబా నడిచింది. బియ్యం. ఎన్ని పూటల బియ్యమో, రెండు చేతులతో పట్టుకుంది.

"ఒగ్గేయ్ అప్పా" అంది గవరమ్మ.

"మునిగేసినావు కదే. ఇంకేటి భయం? పట్టికెల్లు."

"నాకు బయం నేదప్పా. రేపు పోలీసు బావో, మన బావో మళ్లీ అడుగుతాడు. అడిగితే ఉన్నది సెప్పాలి కదా." కోపంగా అనలేదు. మామ్మ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది. తర్వాత రేవు వైపు తిరగలేదు. చుట్టూ నడిచే ఓపిక లేదేమో, తడిసే ఉంది కదా అనుకుందేమో, గెడని దాటుకుని నేరుగా మడుగులోకి దిగింది. "అటు లోతే! లోతు!" అని తాత అరిచాడు. ఆమెకి తెలియని లోతా అది! నడుము దాకా, ఛాతీ దాకా, గడ్డం దాకా మునిగి, ఆ ఒడ్డున లేచి, చీర కొంగు పిండుకుని, ఇంటి దారి పట్టింది. మా మీద ఏ కేసూ రాలేదు, ఏ పోలీసూ మళ్లీ రాలేదు. గవరమ్మ బతికినన్నాళ్లూ ప్రతి ఆదివారం మా గుడికి వచ్చింది, మా ఇంట్లో గింజ ముట్టలేదు.